పానకాల స్వామి సగమే తాగుతాడు

మా గుంటూరు వైపు పాత తరంలో ఏ ఊళ్ళో చూసినా ఒక పానకాలు, ఒక పానకాలరావు ఉంటాడు. బయటివాళ్ళకి ఆ పేరు వింటే నవ్వొస్తుంది. శ్రీరామనవమి పందిట్లో గ్లాసుల్లో పోసిచ్చే పానకం పేరు మనిషికి పెట్టడమేంటి అంటారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మా మేనబావ కూడా అలాగే నవ్వాడు, మొన్న సెలవలకి వచ్చినప్పుడు. సరే పద బావా, ఆ పేరు గల ఆయన్నే చూపిస్తా అని మంగళగిరి తీసుకెళ్ళాను. దారిలో, కొండ మీద, తిరిగొచ్చాక భోజనాల దగ్గర అతను అడిగిన ప్రశ్నలకి నేను చెప్పినవీ, చెప్పడం మొదలుపెట్టాక మా పెద్దమ్మ మధ్యలో దూరి అందించినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. విజయవాడ కనకదుర్గమ్మ గురించి రాసేవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు, పక్కనే ఉన్న పానకాలయ్య గురించి మాత్రం అందరూ రెండు ముక్కలు రాసి వదిలేస్తారు.

మొదట ఒక సంగతి. మంగళగిరిలో నరసింహస్వామి ఒక్కడు కాదు, ముగ్గురు. కొండ కింద ఊళ్ళో లక్ష్మీనరసింహస్వామి, దీన్నే దిగువ సన్నిధి అంటారు. కొండ మధ్యలో పానకాల స్వామి, అది ఎగువ సన్నిధి. కొండ కొమ్మున గండాల నరసింహస్వామి, ఊళ్ళో వాళ్ళ నోట్లో గండాలయ్య. ముగ్గురిలో మనం మామూలుగా అనుకునే విగ్రహం ఉన్నది కింద ఉన్న స్వామికే. మధ్యలో ఉన్నది నోరు ఒక్కటే. పైన ఉన్నది దీపం ఒక్కటే. చాలామంది కారులో ఎగువ సన్నిధి దాకా వెళ్ళి, పానకం పోయించుకొని, ఫోటో దిగి హైవే ఎక్కేస్తారు. వాళ్ళు చూసింది కథలో మధ్య భాగం మాత్రమే.

ఎగువ సన్నిధిలో జరిగేది చూడనివాళ్ళ కోసం చెబుతాను. గర్భగుడిలో కొండ రాతిలోనే ఒక నోరు తెరుచుకొని ఉంటుంది, చుట్టూ లోహపు ముఖం తొడిగి ఉంటుంది. మీ పేరున పానకం బిందె తెస్తారు. పూజారి గారు శంఖంలోకి పానకం తీసుకొని ఆ నోట్లో పోస్తూ ఉంటారు. లోపల నుంచి గుటక వేసినట్టు చప్పుడు వస్తుంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది, ఇక పోయరు. మిగిలిన సగం మీకు ప్రసాదం. చిన్న చెంబు తెచ్చినా సగమే, పెద్ద బిందె తెచ్చినా సగమే, స్వామి ఎవరి దగ్గరా అంతకు మించి పుచ్చుకోడని మా వైపు నమ్మకం. ఇంత బెల్లం నీళ్ళు రోజూ ఒలుకుతున్నా అక్కడ చీమలూ ఈగలూ చేరవని ఇంకో మాట.

మా బావ ఇంజనీరు, చప్పుడు వినగానే చెవి దగ్గరికి వంగి, "లోపల ఏదైనా సొరంగం ఉందా, నీళ్ళు ఎటు పోతున్నాయి?" అని మొదలుపెట్టాడు. అక్కడే వెనక క్యూలో నిలబడ్డ పెద్దాయన ఒకాయన జవాబు రెడీగా పెట్టుకున్నాడు: ఇది ఒకప్పుడు అగ్నిపర్వతం బాబూ, లోపల గంధకం ఉంది, అది రగలకుండా బెల్లం నీళ్ళు పోసే ఏర్పాటు మన పెద్దలు చేశారు, అంతా సైన్సే. ఈ మాట మీరూ వినే ఉంటారు, వాట్సాప్‌లో ఏడాదికోసారైనా తిరుగుతుంది. నాకైతే ఇది అస్సలు నచ్చదు. విజయవాడ నుంచి మంగళగిరి దాకా ఉన్న ఈ కొండలు తూర్పు కనుమల ముక్కలు, ఖొండలైట్, చార్నకైట్ లాంటి రాళ్ళవి, భూమి లోపల ఎప్పుడో వేడికీ ఒత్తిడికీ లోనై మారిపోయిన శిలలు. లావా చల్లబడి కట్టిన కొండలు కావు. భక్తితో పోస్తున్నాను అంటే ఎవరూ కాదనరు కదా, దానికి లేని సైన్సుని అడ్డం పెట్టడం దేనికి? అసలు చల్లబరచడం అనే మాట స్థలపురాణంలోనే ఉంది, అదీ గంధకం కంటే వెయ్యిరెట్లు బాగున్న కథలో.

ఆ కథ నముచి అనే రాక్షసుడిది. పొడిగా ఉన్నదాని వల్ల కానీ తడిగా ఉన్నదాని వల్ల కానీ తనకి చావు రాకూడదని తపస్సు చేసి బ్రహ్మ దగ్గర వరం కొట్టేశాడు. హిరణ్యకశిపుడి వరం గుర్తొస్తోంది కదా, పగలూ కాదు రాత్రీ కాదు, ఇంట్లో కాదు బయటా కాదు అని. రాక్షసులందరూ ఇలా లాయర్లలాగా వరాలు రాయించుకోవడం, దేవుళ్ళు ఆ రాతలో సందు వెతకడం, మన పురాణాల్లో నాకు ఎప్పటికీ విసుగు రాని సరదా. నముచి అందరినీ వేధిస్తుంటే ఇంద్రుడు విష్ణువుని ఆశ్రయించాడు. సైన్యం పోయాక నముచి స్థూల శరీరం వదిలేసి సూక్ష్మరూపంలో ఈ కొండ గుహలో దాక్కున్నాడు. అప్పుడు ఇంద్రుడు విష్ణువు ఇచ్చిన సుదర్శన చక్రాన్ని సముద్రపు నురగలో ముంచి గుహలోకి వదిలాడు. నురగ తడా, పొడా? రెండూ కాదు. ఆ చక్రం మధ్యలో నరసింహుడు వెలసి, తన ఊపిరి మంటతోనే రాక్షసుడి ప్రాణవాయువుల్ని కాల్చేశాడు. అందుకే ఈయన్ని సుదర్శన నరసింహుడని కూడా అంటారు. ఈ నురగ సంగతి మంగళగిరి వాళ్ళు సొంతంగా కల్పించింది కాదు, ఇంద్రుడు నీటి నురగతో నముచి తల తీశాడని ఋగ్వేదంలోనే ఉంది. అంత పాత కథకి మన కొండ గుహ, మన నరసింహుడు తర్వాత వచ్చి చేరారు.

రాక్షసుడు చచ్చాడు కానీ స్వామి కోపం చల్లారలేదు. దేవతలు కూడా వణికిపోయి అమృతం తెచ్చి ఇచ్చారు. అందులో సగం పుచ్చుకొని శాంతించాడు. ఇక్కడే మా పెద్దమ్మ అందుకుంది: "అప్పుడే చెప్పాడు నాయనా స్వామి, కృతయుగంలో నాకు అమృతం ఇవ్వండి, త్రేతాయుగంలో ఆవునెయ్యి, ద్వాపరంలో పాలు, కలియుగంలో పానకం చాలు అని."

ఈ వరస ఒకసారి నెమ్మదిగా చూడండి. అమృతం, నెయ్యి, పాలు, బెల్లం నీళ్ళు. ఒక్కో యుగానికీ స్వామి తన రేటు తగ్గించుకుంటూ వచ్చాడు. అదీ చివరికి ఎక్కడ ఆగింది? చెరుకు పండే జిల్లాలో, ఎండాకాలం ఎవరింటికి వెళ్ళినా ముందు చేతికిచ్చే మంచినీళ్ళ పక్కన పెట్టే బెల్లం ముక్క దగ్గర. కలియుగంలో మనుషుల స్తోమత ఇంతే, పాపం, అని దేవుడే సర్దుకున్నాడు. పైగా అందులో కూడా సగం తిరిగి ఇచ్చేస్తాడు. నిలువు దోపిడీ ఇచ్చే మొక్కులు, ఎత్తు బంగారాలు, వడ్డీలు వసూలు చేసే వేల్పులు ఉన్న దేశంలో ఈ లెక్క నాకు చాలా ఇష్టం. మంగళగిరి గురించి నాకు చెప్పాలనిపించేది ప్రధానంగా ఇదే. ఇంత కోపిష్టి దేవుడి చుట్టూ అల్లిన కథలన్నీ ఆయన్ని చల్లార్చడం గురించి, మనిషి తాహతుకి దించడం గురించి.

కొండ గురించి ఇంకో కథ ఉంది. పారియాత్రుడనే రాజు కొడుకు హ్రస్వశృంగి, అవయవ లోపాలతో పుట్టాడు. ఒళ్ళు బాగవుతుందని క్షేత్రాలన్నీ తిరిగి తిరిగి చివరికి ఇక్కడ తపస్సు చేశాడు. తండ్రి వెతుక్కుంటూ వచ్చి ఇంటికి పదమంటే వెళ్ళలేదు, ఏనుగు ఆకారంలో కొండై విష్ణువుకి ఇల్లయిపోయాడు. ఎటు నుంచి చూసినా కొండ పడుకున్న ఏనుగులా ఉంటుందని అంటారు. నాకు విజయవాడ వైపు నుంచి వస్తుంటే నిజంగానే అలా కనిపిస్తుంది, గుంటూరు వైపు నుంచి కాస్త ఊహించుకోవాలి. కొండకి యుగానికో పేరు కూడా చెబుతారు, అంజనాద్రి, తోతాద్రి, మంగళాద్రి, ముక్త్యద్రి అని. విష్ణువు తానుగా వెలసిన ఎనిమిది మహాక్షేత్రాల్లో వచ్చే తోతాద్రి ఇదేనని మనవాళ్ళు గట్టిగా అంటారు. తమిళనాడు వైష్ణవులని అడిగితే తోతాద్రి అంటే వాళ్ళ నాంగునేరి, వానమామలై అంటారు. ఈ తగువులో నేను దూరను.

గండాలయ్య దగ్గరికి వెళ్ళేవాళ్ళు తక్కువ. ఎగువ సన్నిధి దాకా ఘాట్ రోడ్డు ఉంది, అక్కడి నుంచి పైకి కాళ్ళకి పని చెప్పాల్సిందే. పైన విగ్రహం లేదన్నాను కదా. గండం గట్టెక్కితే దీపం పెడతామని మొక్కుకున్నవాళ్ళు నెయ్యో నూనో తీసుకెళ్ళి అక్కడ దీపం పెట్టిస్తారు. ఆపరేషన్లు, కోర్టు కేసులు, ఏలినాటి శని, విదేశాల్లో ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్, ఈమధ్య వీసాలు కూడా ఆ లిస్టులో చేరాయి. చీకటి పడ్డాక చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆ వెలుగు కనిపిస్తుంది. ఎవరికో గండం గడిచింది అని మా పెద్దమ్మ దణ్ణం పెట్టుకుంటుంది, ఎవరికో ఆమెకి తెలియదు, అడగదు కూడా.

ఇక ఎగువ సన్నిధి మధ్యాహ్నం దాటాక మూసేస్తారు. రాత్రి దేవతలు వచ్చి పూజ చేసుకుంటారు, అప్పుడు మనుషులు ఉండకూడదని నియమం. సాయంత్రం ఆఫీసయ్యాక వెళ్దాంలే అనుకునే విజయవాడ వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. స్వామి గుడి దగ్గరే అమ్మవారు రాజ్యలక్ష్మి గుడి ఉంది, దాని పక్కన ఒక గుహ. ఆ దారిన పూర్వం ఋషులు ఉండవల్లి దాకా వెళ్ళి కృష్ణలో స్నానం చేసి వచ్చేవారని చెబుతారు. సొరంగం లేని పాత గుడి మన రాష్ట్రంలో ఉందా అని బావ అడిగాడు, దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. కాకపోతే ఉండవల్లి గుహల్లో కూడా ఒక రాతిలో మలిచిన పెద్ద అనంతశయనుడు ఉన్నాడు, ఇక్కడ కోపంతో లేచిన స్వామి అక్కడ పడుకొని ఉన్నాడు, రెంటినీ జనం ఒక దారితో కలుపుకున్నారంటే వాళ్ళ ఊహ ఎలా నడిచిందో అర్థమవుతుంది.

దిగువ సన్నిధి దగ్గరికి వస్తే కథ పాండవులది. లక్ష్మీనరసింహస్వామిని ఇక్కడ ప్రతిష్ఠించింది ధర్మరాజని స్థలపురాణం. ఫాల్గుణ మాసం బ్రహ్మోత్సవాలు కూడా ఆయనే మొదలుపెట్టాడట. ప్రద్యుమ్నుడు తన పుట్టినరోజు ఏటా జరపాలని తండ్రి కృష్ణుణ్ణి అడిగితే, కృష్ణుడు ఆ పని అప్పట్లో దండకారణ్యంలో ఉన్న పాండవులకి అప్పగించాడని, అలా మొదలైందని చెబుతారు. ఫాల్గుణ శుద్ధ షష్ఠి నుంచి ఉత్సవాలు, చతుర్దశి రాత్రి కల్యాణం, పౌర్ణమి నాడు రథం, తిరునాళ్ళ. ఆ రోజు ఊళ్ళో కాలు పెట్టడానికి సందుండదు. మంగళగిరి మగ్గాల ఊరు కదా, నేతపని ఇళ్ళలో పండగంటే ఈ తిరునాళ్ళే, ఉగాది సంక్రాంతులు తర్వాత. పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లలు ఉగాదికి రాకపోయినా తిరునాళ్ళకి వస్తారు.

కల్యాణానికి ముందు ఒక తతంగం ఉంది, చాలామంది గమనించరు. లక్ష్మీదేవి తమ ఇంటి ఆడపిల్ల అని చెంచుల నమ్మకం. అహోబిలం చెంచులక్ష్మి కథ మన అందరికీ తెలిసిందే. స్వామి తమ అల్లుడు కాబట్టి, అందరికంటే ముందు, కల్యాణానికి ముందు రోజు రాత్రే, చెంచులు తమ పండగ తాము జరుపుకుంటారు, ఆ తర్వాతే మిగతా పెళ్ళి. ఆడపిల్లవారి మర్యాద అన్నమాట.

ఈ మర్యాద పక్కనే నిలబెట్టి దిగువ సన్నిధి ముందున్న గాలి గోపురాన్ని చూడండి. దాన్ని కట్టించింది అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, 1807 నుంచి 1809 వరకు. మా జిల్లాలో ఆయన పేరు తలవగానే పెద్దవాళ్ళు చెప్పే కథ చెంచులదే. తన పరగణాల్లో దోపిడీలు చేస్తున్నారని చెంచుల్ని విందుకని పిలిపించి నరికించాడని, ఆ చోటికే నరుకుళ్ళపాడు అనే పేరు వచ్చిందని, ఆ తర్వాత ఆయన అన్నం ముందు కూర్చుంటే మెతుకులు పురుగుల్లా కనిపించేవని, ఆ బాధ తీరక అమరావతిలో శివుడి దగ్గర చేరి ఊరూరా గుళ్ళూ గోపురాలూ కట్టించాడని. ఇందులో చరిత్ర ఎంత, జనం కలుపుకున్నది ఎంత అనేది పక్కన పెట్టినా, జిల్లా మొత్తం రెండు వందల ఏళ్ళుగా ఆయన గోపురాలకి దణ్ణం పెడుతూనే ఈ కథ కూడా మర్చిపోకుండా చెప్పుకుంటోంది. దానకర్ణుడు అని ఒక నోటితో, చెంచుల ఉసురు అని ఇంకో నోటితో. చెంచుల అల్లుడి గుమ్మం ముందే ఆయన కట్టించిన గోపురాల్లో అంత పొడవైనది నిలబడి ఉండటం కాకతాళీయమో కాదో నాకు తెలియదు కానీ, మా పెద్దమ్మ మాత్రం, "మరి క్షమాపణ ఎవరికి చెప్పుకోవాలి, వాళ్ళ అల్లుడికే కదా" అని తేల్చేసింది. నేను కాదనలేకపోయాను. అన్నట్టు అమరావతిలో ఆయన ఊరు కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె తవ్వితేనే బౌద్ధ స్తూపం రాళ్ళు బయటపడ్డాయి, 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసింది అప్పుడే. అది వేరే పెద్ద కథ, ఇంకోసారి.

గోపురం విషయానికి వస్తే పదకొండు అంతస్తులు, 153 అడుగులు. అడుగున వెడల్పు 49 అడుగులే, అంటే ఎత్తులో మూడో వంతు కూడా లేదు. కింద నిలబడి తలెత్తితే సన్నగా పైకి పోతూనే ఉంటుంది, పక్కన విశాలమైన ప్రాంగణం కూడా లేదు, వీధిలోంచి ఒక్కసారిగా లేస్తుంది. కట్టాక ఒకవైపు ఒరిగిందని, కంచి నుంచి శిల్పుల్ని పిలిపిస్తే ఎదురుగా చెరువు తవ్వమన్నారని, తవ్వగానే గోపురం సర్దుకొని నిటారుగా నిలబడిందని చెబుతారు. మా బావకి ఈ ఒక్కటీ నచ్చింది. ఒకవైపు నేల కుంగితే రెండో వైపు మట్టి తీసి బరువు సమం చేయడం సాధ్యమేనట, పీసా టవర్‌ని కూడా ఈమధ్య కాలంలో ఎత్తుగా ఉన్న వైపు నుంచి మట్టి తీసే కాస్త సరిచేశారని చెప్పాడు. గంధకం థియరీ వల్ల సైన్సుకి పోయిన పరువు ఇక్కడ కొంచెం తిరిగొచ్చింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. దిగువ సన్నిధిలో తంజావూరు శరభోజి మహారాజు సమర్పించిన దక్షిణావర్త శంఖం ఉంది, ముక్కోటి ఏకాదశికి ఆ శంఖు తీర్థం కోసం తెల్లవారుజాము నుంచే క్యూ. 1515లో కృష్ణదేవరాయలు కొండవీడు గెలిచాక ఈ ప్రాంతం విజయనగరం చేతికి వచ్చింది, ఆ కాలపు శాసనం ఇక్కడ ఉంది. కొండకి మెట్లు కట్టించింది చన్నాప్రగడ బలరామదాసు, 1890లో. మెట్లదారిలో చైతన్య మహాప్రభువు పాదాలు ఉన్నాయి, కారులో వెళ్ళేవాళ్ళకి అవి దొరకవు. ఎగువ సన్నిధి దగ్గర పాలచెట్టు ఉంది, పిల్లలు కావాలని ఆడవాళ్ళు దానికి మొక్కుకుంటారు.

వెళ్ళేవాళ్ళకి నా సలహా. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే మెట్లెక్కండి. ఓపిక ఉంటే మొదట గండాలయ్య, దిగుతూ పానకాలయ్య, చివరికి కింద లక్ష్మీనరసింహుడు. శని, ఆదివారాలు, పెళ్ళిళ్ళ సీజన్‌లో ముహూర్తాల రోజులు వద్దు. కిందికి వచ్చాక బట్టల కొట్లలో బేరం ఆడండి కానీ మరీ ఎక్కువ ఆడకండి, మంగళగిరి చీరకి నిజాం అంచు నేయడానికి మగ్గం మీద ఎంత పని ఉందో ఒకసారి ఎవరింట్లోనైనా చూస్తే మీకే నోరు రాదు. ముఖ్యంగా ఇంటి నుంచి మూతున్న స్టీలు క్యాను తీసుకెళ్ళండి. సగం పానకం మీకు తిరిగొస్తుంది, అక్కడ దొరికిన ప్లాస్టిక్ బాటిల్లో పోసుకొని ఎండలో కారులో పెడితే గుంటూరు చేరేలోపు పులిసిపోతుంది.